మూడో పాదం

పాదం ఊడదీసేటప్పుడు కూడా కాటమయ్య ఫకీర్ సాహెబ్‌ను మామా అనే పిలిచాడు. ఆ మర్యాదకేం తక్కువ లేదు.

సోమవారం పొద్దున. జమ్మలమడుగు బస్టాండు వెనక సందులో, జీపు సీట్లు కుట్టే తన అంగట్లో, ఫకీర్ సాహెబ్ అప్పుడే మిషన్‌కు నూనె చుక్కలు వేసి, దారానికి మైనం పట్టించి, ఎర్రటి తోలు సీటును సూది కిందికి జరుపుకుంటున్నాడు. మండలం ఎలక్షన్లు ఇంకా మూడు వారాల్లో ఉన్నాయి. రెక్జిన్ సీటు మీద కూర్చుంటే పరువు తక్కువని ఆ ఏడు నాయకులు కొత్తగా కనిపెట్టారు. అందరికీ తోలు సీట్లే కావాలి. తోలు కుట్టే బరువైన మిషన్ ఆ ఊరు మొత్తానికి ఒక్కటే ఉంది. అది ఫకీర్ సాహెబ్‌ది. ఎప్పటిదో జర్మనీ మిషన్, దున్నపోతంత నల్లగా, అంత నిదానంగా ఉంటుంది.

ఆ తట్టు జనానికి కులాలెన్ని ఉన్నా పార్టీలు మాత్రం రెండే. ఎగువిండ్లు, దిగువిండ్లు. ఢిల్లీలో ఏ జెండా ఎగిరినా, హైదరాబాదులో ఏ జెండా ఎగిరినా, ఇక్కడికొచ్చేసరికి ఒకటి ఎగువింటి మీద వాలుతుంది, ఇంకోటి దిగువింటి మీద వాలుతుంది. కాటమయ్య ఎగువింటి పెద్దాయన జీపు నడుపుతాడు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి స్టీరింగు పట్టినవాడు. పెద్దాయన నోటితో చెప్పనక్కర్లేని పనులు కూడా చేసిపెడతాడని అందరికీ తెలుసు. వెంట ఇద్దరు మనుషులొచ్చారు గానీ వాళ్లు గడప దగ్గరే నిలబడ్డారు.

"ఎవురిది మామా ఈ సీటు?"

అబద్ధం చెప్పినా దాగేది కాదు. సీటు వెనక దిగువిండ్ల బండి నంబరు సుద్దముక్కతో రాసి ఉంది.

"దిగువిండ్లది. వీరన్న ఇచ్చిపోయినాడు. నాలుగు సీట్లు. శుక్రవారం నామినేషనుకు కావాలంట."

"మావీ ఇయ్యాల గదా."

"తెండప్పా, మీవీ కుడతా. ముందొచ్చినాది ముందు."

"అట్ల గాదు మామా. పెద్దాయప్ప ఏమన్నాడంటే, ఎలచ్చన్లు అయ్యేదాంక సాయిబు మన పని ఒగటే చెయ్యనీ అన్నాడు."

"ముప్పై ఏండ్లుగా రెండిండ్లకూ కుడతాండా. నా మిషన్‌కు పార్టీ యాడిదప్పా?"

కాటమయ్య నవ్వాడు. వంగి మిషన్ వైపు తేరిపార చూశాడు. సూది దిగే చోట, తోలును అణచిపట్టి ఉన్న బొటనవేలంత ఇనప ముక్క మీద అతని చూపు నిలిచింది. దాన్నే పాదం అంటారు. దానికి రెండు వేళ్లుంటాయి, వాటి నడుమ సూది దిగుతుంది. అడుగున సన్నటి గాడి, సీటు అంచుకు వేసే పైపింగు తాడు ఆ గాడిలో నడుస్తుంది. పక్కనే గైడు అని ఇంకో చిన్న పట్టీ. తోలు అంచు దాన్ని రాసుకుంటూ పోతే కుట్టు వంకర పోదు. గైడు లేకపోయినా చేతి వాటంతో ఎట్లాగో నెట్టుకు రావచ్చు. పాదం లేకపోతే మాత్రం సూదితో పాటు తోలూ పైకి లేస్తుంది, దారం చిక్కు పడుతుంది, ఒక్క కుట్టు కూడా పడదు.

కాటమయ్య బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసుకుని పాదం స్క్రూ మీద పెట్టి బలంగా తిప్పబోయాడు.

"అట్ల గాదప్పా," అన్నాడు ఫకీర్ సాహెబ్ కంగారుగా. "స్క్రూ మర పోతాది. ముందు ఆ వెనకాల పిడి ఎత్తు. ఎత్తినావా? బరువు పోతాది. ఇప్పుడు మెల్లిగా తిప్పు."

తన గొంతు తనకే వినిపించి ఆగిపోయాడు. అప్పటికే పాదం ఊడి కాటమయ్య అరచేతిలోకి వచ్చింది. గైడు కూడా వచ్చింది. కాటమయ్య ఊడదీసిన స్క్రూలను పారేయకుండా మళ్లీ వాటి రంధ్రాల్లోనే బిగించాడు. పాదాన్నీ, గైడునూ చొక్కా జేబులో వేసుకున్నాడు.

"నీ మీద చెయ్యేసినామా? లేదు. మిషన్ ఎత్తకపోతాండామా? లేదు. ఎలచ్చన్లు అయినాక నేనే తెచ్చిస్తా మామా," అన్నాడు. జీపు పోయింది.

అంగడి వెనకే ఇల్లు. తెర పక్కకు తోసి దిల్షాద్‌బీ వచ్చింది. అంతా విన్నది, వినకుండా ఎట్లా ఉంటుంది.

"దొంగకు తాళంచెవి యాడుండాదో చూపిచ్చినట్ల చూపిచ్చినావే, రషీదా అబ్బా."

"మర చెడిపోతాది గదే."

"మర చెడిపోతాదని మర్యాదగా ఇచ్చినావు. ఇంగ మన బతుకు సంగతేంది?"

అదే సంగతి. రషీదా వాళ్ల ఒక్కగానొక్క కూతురు. ఇప్పుడు నెలలు నిండి ఉంది. దాన్ని ఇచ్చింది తొండూరు దగ్గర, దిగువిండ్ల మాట మీద నడిచే పల్లెలో. తొలి కాన్పు. ఆదివారం పోయి పిలుచుకొని రావాలి. శుక్రవారానికి సీట్లు అందకపోతే సాయిబు ఎగువిండ్లలో కలిసిపోయాడని అదే రోజు ఆ పల్లె దాకా పాకుతుంది. అల్లుడు మంచివాడే గానీ, ఎగువిండ్ల మనిషి గడపలోకి కోడల్ని పురిటికి పంపే ధైర్యం వియ్యంకుడికి లేదు. పోనీ జరిగింది జరిగినట్టు వీరన్నకు చెబుదామా అంటే, వీరన్న తిన్నగా కాటమయ్య ఇంటి మీదికి పోతాడు. బొటనవేలంత ఇనుముకు ఎన్ని తలలు పగులుతాయో లెక్క ఉండదు. కక్కాలేక మింగాలేక ఫకీర్ సాహెబ్ ఆ రోజంతా ఖాళీ మిషన్ ముందు కూర్చున్నాడు. చేత్తో, దబ్బనంతో కుడితే సీటుకు మూడు రోజులు పడుతుంది.

సాయంత్రం వీరన్న రానే వచ్చాడు. దిగువింటి పెద్దాయన పనులు చూసే మనిషి, మాట పొదుపు.

"ఏంది, మిషన్ ఆగినట్లుండాది?"

"పాదం అరిగిపోయిందప్పా," అన్నాడు ఫకీర్ సాహెబ్, పాదం లేని సూది మీద గుడ్డ కప్పుతూ. "రేపు ప్రొద్దుటూరికి పోయి చేయించుకొస్తా."

"శుక్రవారం పొద్దున్నే బండి కదలాల. అది తెల్సుకో."

ముప్పై ఏళ్లలో గిరాకీకి ఆయన చెప్పిన మొదటి అబద్ధం అది. నాలుక మీద చేదు అట్లాగే ఉండిపోయింది.

ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వెనక ఒక ఇరుకు సందులో ఓబులయ్య ఉంటాడు. కంపెనీలు మూతబడి విడిభాగాలు దొరకని పాత మిషన్లన్నిటికీ ఆ చుట్టుపక్కల ఆయనే దిక్కు. లేత్ లేదు, కరెంటు మోటారు లేదు. ఇనుమును బిగించి పట్టే ఒక వైసు, ఒక బొగ్గుల కుంపటి, పన్నెండు రకాల ఆకురాళ్లు. ఆ ఆకురాళ్లతోనే ఇనుమును చెక్కి దర్జీలకూ, చెప్పులు కుట్టేవాళ్లకూ పాదాలు చేసి ఇస్తాడు. కంపెనీ పాదం ఒక ఎత్తు, ఓబులయ్య పాదం ఒక ఎత్తు అంటారు. ఆయన నోరు కూడా ఆకురాయి లాంటిదేనని అనేవాళ్లూ ఉన్నారు.

"నమూనా ఏది?" అన్నాడు చెయ్యి చాపి.

"పోయింది."

"పాదం పోయిందా? కాళ్లొచ్చి పోయిందా?"

ఫకీర్ సాహెబ్ ముందుకు జరిగాడు. బల్ల మీద వేలితో గీసి చూపాడు. వేళ్లు ఇంత పొడవు, గాడి ఇంత లోతు, మెడ దగ్గర ఇట్లా వంపు. ఓబులయ్య ఓపిగ్గా చూసి తల అడ్డంగా ఊపాడు.

"సాయిబూ, చేత్తో తాకింది చేస్తా. నోటితో చెప్పింది చెయ్యను. గాడి ఒగ ఎంటిక మందం తేడా వచ్చిందంటే సూది పోయి ఇనుముకు తగలతాది, ఇరిగి నీ కంట్లో పడతాది. అప్పుడు దిల్షాద్ నా చొక్కా పట్టుకుంటాది."

"మరెట్లప్పా? నాకు గురువారానికి కావాల."

ఓబులయ్య బీడీ ముట్టించుకున్నాడు.

"మిలిటరీ వేలంలో ఆ పొద్దు మిషన్లు రెండు గదా వచ్చినాయి బెంగుళూరు నుంచి? కవల పిల్లోళ్ల మాదిరి. ఒగటి నీది. రెండోది పులివెందుల రామాంజనేయులుది. ఆయప్ప పోయినా మిషన్ ఉండాది గదా. పోయి ఆయప్ప పెండ్లాం గోవిందమ్మను అడుగు. ఇస్తే ఆయమ్మ గొప్ప, ఇయ్యకుంటే నీ ఖర్మ."

ఇయ్యదనే ఫకీర్ సాహెబ్ భయం. రామాంజనేయులు పోయి ఆరేళ్లయింది. మిషన్ కొంటామని కడప నుంచి వచ్చినవాళ్లను గోవిందమ్మ చీపురుతో తరిమినంత పని చేసిందని విన్నాడు. అయినా ముద్దనూరు మీదుగా పోయే బస్సెక్కాడు.

గోవిందమ్మ వసారాలో శనక్కాయలు వొలుస్తూ కూర్చుంది. ఆయన్ను చూడగానే చాప జరిపింది. నీళ్లిచ్చింది. రషీదా నెలలడిగింది. ఆ తర్వాతే వచ్చిన పనేమిటంది.

వీరన్నకు చెప్పని మాట, ఓబులయ్యకు చెప్పని మాట, ఫకీర్ సాహెబ్ ఆమెకు చెప్పాడు. పిడి ఎత్తమని తానే చెప్పిన సంగతి కూడా దాచలేదు. గోవిందమ్మ చేతిలోని కాయ వొలవడం ఆపి ఆయన వైపు చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"నువ్వూ ఆయప్పా ఒగటే జాతి అన్నా. ఇల్లు కాలిపోతాన్నా మిషన్ మీద నిప్పురవ్వ పడకుండా చూసుకుంటారు."

లోపలి గదిలో గొంగడి కప్పి ఉంది మిషన్. గొంగడి తీస్తే కమ్మగా నూనె వాసన వచ్చింది. ఆరేళ్లుగా కుట్టని మిషన్‌కు వారం వారం నూనె పెడుతోంది ఆమె. పక్కన రేకు డబ్బాలో రామాంజనేయులు వాడిన పనిముట్లున్నాయి. చెప్పుల పాదం, ఒంటివేలి పాదం, రకరకాల గైడులు, కపిల తొండం కుట్టే వెడల్పాటి పాదం. మోటార్లు రాకముందు ఎద్దుల చేత బావి నీళ్లు తోడించిన ఆ తోలు తొండాలు పులివెందుల తట్టు చాలా వరకు ఈ గదిలో పుట్టినవే. డబ్బాలోంచి ఒక గైడు తీసి గోవిందమ్మ ఆయన ముందు పెట్టింది. దాన్ని మాత్రం నీ దగ్గరే పెట్టుకోమంది. ఆ తర్వాత పిడి ఎత్తి, బరువు తీసి, మెల్లిగా స్క్రూ తిప్పి, మిషన్‌కున్న రెండువేళ్ల పాదాన్ని తనే ఊడదీసింది.

"ఎడమ వేలి కింద గాటు ఉండాది, చూసినావా? దాంతో కుడితే కుట్టు పక్కన ఎంటిక మాదిరి గీత పడతాది. అరగదీయించుకోమంటే ఇనల్యా. నాకు చేవ్రాలు రాదు, ఇదే నా చేవ్రాలు అనె." పాదాన్ని కొంగుతో తుడిచి ఆయన చేతిలో పెట్టింది. "నమూనాకే ఇస్తాండా అన్నా. దీంతో కుట్టద్దు. ఆయప్ప పోయినాక ఇది తోలు తొక్కల్యా."

"ముట్టను చెల్లెమ్మా," అన్నాడు ఫకీర్ సాహెబ్. బస్సులో పులివెందుల నుంచి ముద్దనూరు దాకా ఆ పాదాన్ని గుప్పిట్లోనే పట్టుకుని కూర్చున్నాడు.

బుధవారం పొద్దున్నే ఓబులయ్య ఒక జీపు కమాను పట్టీ ముక్కను కుంపట్లో ఎర్రగా కాల్చి, బూడిదలో పూడ్చి మెత్తబడనిచ్చి, వైసుకు బిగించాడు. తర్వాత ఇక మాటల్లేవు. ఆకురాయి పోతుంది, వస్తుంది. పది రాకలకొకసారి ఆగి, గోవిందమ్మ పాదాన్ని ఎడమచేతి బొటనవేలితో తడిమి, ఇనుమును కుడిచేతి బొటనవేలితో తడుముతాడు. మధ్యాహ్నానికి వేళ్లు విడిపోయాయి. పొద్దు వాలేసరికి గాడి పడింది.

"ఎడమ వేలి కింద గాటుండాది. నమూనాలో ఉండేది మనం తీసెయ్యకూడదు. పెట్టేదా?"

"వద్దప్పా. అది ఒగ మనిషిది."

ఓబులయ్య ఎగాదిగా చూసి, ఇంకేమీ అడక్కుండా పాదాన్ని మళ్లీ కాల్చి నూనెలో ముంచాడు. చుయ్యిమని పొగ లేచింది. జీపు కమానుతో పాదం చేసి జీపు సీట్లు కుడతారంటే అది దేవుడు చేసే ఎగతాళే అన్నాడు.

గురువారం పొద్దు పొడిచినప్పటి నుంచి ఫకీర్ సాహెబ్ మిషన్ మీద నుంచి లేవలేదు. కొత్త పాదం కొత్త కోడలిలాగా బిగుసుకుపోయి ఉంది. తోలు ముందుకు జరగనంటుంది. దిల్షాద్‌బీ పక్కన కూర్చుని దారానికి మైనం రాస్తూ, తోలు అడుగున సబ్బు ముక్క రుద్దుతూ, ఆ పాదాన్ని ఉర్దూలోనూ తెలుగులోనూ తిట్టింది. శుక్రవారం తెల్లవారి వీరన్న వచ్చి నాలుగు సీట్లూ తట్టి చూసి బండికెత్తించాడు. బాగుందనలేదు, బాగలేదనలేదు. వీరన్న అంతకంటే మెచ్చుకోవడం ఎవరూ ఎరగరు.

మధ్యాహ్నానికి కాటమయ్య వచ్చాడు. ఈసారి గడప దగ్గర నలుగురు ఉన్నారు. లోపలికొచ్చి జేబులోంచి పాదం తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది నా జేబులో ఉండంగా నువ్వెట్ల కుట్టినావు మామా?"

గొంతు పెంచలేదు. అందుకే ఫకీర్ సాహెబ్‌కు ఎక్కువ భయమేసింది. ఓబులయ్య పేరు చెబితే ఓబులయ్యకు చుట్టుకుంటుంది, గోవిందమ్మ పేరు చెబితే ఆమెకు చుట్టుకుంటుంది. ఆదివారం ఇంకా రెండు రోజులుంది.

దిల్షాద్‌బీ టీ గ్లాసులు తెచ్చి బల్ల మీద పెట్టింది. అంత నిదానంగా ఆమె టీ పెట్టడం ఫకీర్ సాహెబ్ ఎన్నడూ చూడలేదు.

"మీ పాదం మేము ముట్టల్యాప్పా," అంది. "అది మీ కాడనే ఉండె గదా. దిగువిండ్లోళ్ల పని వాళ్ల పాదంతోనే కుట్టినాడు. మీ పాదం వాళ్ల తోలు మీద పెట్టేదానికి మాకేమన్నా పిచ్చా?"

కాటమయ్య గ్లాసు అందుకోబోయి ఆగాడు.

"వాళ్ల పాదమా?"

"మరి? వాళ్లది వేరే చేయించినాం. మీది మీరు తెచ్చినారు గదా, ఇంగ మీ సీట్లు మీ పాదంతోనే కుడతాడు. వాళ్లది దీనికి తగల్దు, మీది దానికి తగల్దు."

వేరే దేశంలో ఈ మాట చెబితే నవ్విపోతారు. కానీ ఇక్కడ మంగలి గౌరన్న దగ్గర రెండు కత్తులున్నాయి, ఎగువిండ్ల గడ్డం గీసిన కత్తి దిగువిండ్ల గడ్డానికి తగలకుండా. సోడా అంగట్లో రెండు గోలీసోడా పెట్టెలున్నాయి. పెండ్లిళ్లలో తప్పెట కొట్టేవాళ్లు ఒక ఇంటికి ఒక తప్పెట, రెండో ఇంటికి ఇంకో తప్పెట పెట్టుకున్నారు. పాదాలు రెండుంటే తప్పేముంది? లేకపోవడమే ఇన్నాళ్లూ లోటు. కాటమయ్య ఆలోచిస్తున్నకొద్దీ అతని ముఖం తేటపడింది.

"నల్లదారం ఉందా మామా?" అన్నాడు. దారం తీసుకుని పాదం మెడకు మూడు చుట్లు చుట్టి ముడేశాడు. "ఇది ఎగువిండ్లది. దీంతో వాళ్లది ఒగ కుట్టు పడినా నాకు తెల్సిపోతాది."

ఫకీర్ సాహెబ్ గోడకు రెండు మేకులు కొట్టాడు. ఒకదానికి నల్లదారం పాదం, రెండోదానికి తెల్లదారం చుట్టిన ఓబులయ్య పాదం. సాయంత్రానికి ఈ ఏర్పాటు దిగువిండ్లకూ తెలిసింది. వీరన్న వచ్చి తెల్లదారం పాదాన్ని చూసి, మేకు ఎత్తు కొలిచినట్టు చూసి, "మాది రొంత కిందికుండాది," అన్నాడు. ఫకీర్ సాహెబ్ ఆ మేకు పీకి రెండోదానితో సమానంగా కొట్టాడు.

ఆదివారం ఎవరూ అడ్డం చెప్పలేదు. తొండూరు పల్లె నుంచి రషీదా రెండు సంచులతో, బరువైన నడకతో వచ్చి పుట్టింట్లో మంచం మీద వాలింది. ఆ సాయంత్రం దిల్షాద్‌బీ చాలా రోజుల తర్వాత పాయసం చేసింది.

మరునాడు ఫకీర్ సాహెబ్ నమూనా తిరిగి ఇవ్వడానికి పులివెందులకు పోయాడు. రెండు మేకుల కథ విని గోవిందమ్మ కళ్లలో నీళ్లు తిరిగేటట్టు నవ్వింది. నవ్వి నవ్వి మెల్లిగా ఆగింది. ఆయన చాపిన చేతిలోని పాదాన్ని తీసుకోలేదు.

"ఒగదానికి నల్లదారం, ఒగదానికి తెల్లదారం. రెండూ ఆ ఇండ్లవే అయిపోయె గదా అన్నా. నీదేది?"

నాలుగు రోజులుగా ముల్లులా గుచ్చుకుంటున్నది అదేనని ఫకీర్ సాహెబ్‌కు అప్పుడు తెలిసింది. రెండిండ్ల మనిషినని ముప్పై ఏళ్లు చెప్పుకున్నాడు. ఇప్పుడు మిషన్ కూడా పొద్దున ఒకరిది, సాయంత్రం ఒకరిదిగా అయిపోయింది.

"వాటిని మేకులకే ఏలాడనీ," అంది గోవిందమ్మ. "ఇది నీ మిషన్‌కు తొడుగు. కపిలలు పోయె, తొండాలు పోయె, ఇంగ ఈ మిషన్‌కు నడక యాడుంది? నీ కాడన్నా నడవనీ. ఒగటే మాట. ఒగ పక్కోళ్లదే కుట్టే రోజు వచ్చిందంటే ఆ పొద్దే దీన్ని తెచ్చి నా చేతిలో పెట్టు."

అట్లా మూడో పాదం జమ్మలమడుగు చేరింది. ఏళ్ల తరబడి తోలు మీద నడిచి నడిచి, ఆ గాటు తప్ప అడుగు అద్దంలా నునుపుదేలిన పాదం. మొదటి కుట్టుకే మిషన్ చప్పుడు మారిపోయింది. పాత స్నేహితుడి గొంతు విన్నట్టనిపించి ఫకీర్ సాహెబ్ కాసేపు కుట్టడం ఆపి కూర్చున్నాడు. ఇక ఏ ఇంటి పని చేసినా ఒకటే పద్ధతి. ఎగువిండ్ల సీటు కుట్టేటప్పుడు నల్లదారం పాదాన్ని మేకు నుంచి తీసి జేబులో వేసుకుంటాడు. దిగువిండ్ల సీటు కుట్టేటప్పుడు తెల్లదారం పాదాన్ని జేబులో వేసుకుంటాడు. వచ్చినవాళ్లు మేకుల వైపు చూస్తారు. తమ పని జరుగుతుంటే తమ పాదం మేకుకు లేదు, అవతలి పాదం మేకుకే ఉంది. తృప్తిగా తల ఆడించి పోతారు. వంగి మిషన్ కింద చూసినవాడు ఒక్కడూ లేడు. ఎగువిండ్ల జీపుకు సీట్లయ్యాయి. దిగువిండ్ల రెండో జీపుకూ అయ్యాయి. తమ పాదంతో కుట్టిన కుట్టే నున్నగా ఉందని రెండిండ్లలోనూ చెప్పుకున్నారు.

రషీదాకు ఆడపిల్ల పుట్టింది. బిడ్డకు మూడో రోజున, ఎలక్షన్లు ఇంకా రెండు రోజులున్నాయనగా, కాటమయ్య ఒంటరిగా వచ్చాడు. జీపు లేదు, వెంట మనుషుల్లేరు. చంకలో గుడ్డమూట ఉంది. మిషన్ మీద దిగువిండ్ల బండిది ఒక సీటు ఉంది. తెల్లదారం పాదం ఫకీర్ సాహెబ్ జేబులో ఉంది.

కాటమయ్య స్టూలు లాక్కుని కూర్చున్నాడు. గుడ్డమూట విప్పాడు. లోపల ఒక తోలు జోలె, గొర్ల మంద వెంట తిరిగేవాళ్లు భుజాన వేసుకునేది. చెమటకూ వానకూ నల్లబడిపోయింది. పట్టీ దగ్గర కుట్టు తెగి నోరు తెరిచింది.

"మా నాయనది. కండ్లు పోయి రెండేండ్లాయ, అయినా ఇది భుజాన లేకుంటే వాకిలి దాటడు. కొత్తది తెచ్చిస్తే ఏలు పెట్టి తడిమి ఇది నాది కాదు అన్నాడు." కాటమయ్య జోలెను తిప్పి, తెగని వైపు కుట్టు మీద వేలు ఆనించాడు. "ఇదో, ఈడ గీత ఉండాది. దాన్ని తడిమి గుర్తుపడతాడు. పులివెందుల రామాంజనేయులు కుట్టినాడంట ఇది, నేను పుట్టకముందు."

ఫకీర్ సాహెబ్ చేతులు సీటు మీద అట్లాగే ఉండిపోయాయి.

"మొన్న మండలం ఆఫీసు కాడ ఒగటే చెట్టు నీడన రెండు బండ్లూ నిలబడినాయి," అన్నాడు కాటమయ్య. "మాదీ, దిగువిండ్లదీ. పెద్దోళ్లు లోపల ఉండారు. నాకేమీ తోచక మా సీటు కుట్టు మీద ఏలు పెట్టినా. గీత తగిలింది. ఇదేందబ్బా, మా నాయన జోలె మాదిరి ఉండాదే అనుకున్నా. ఎవురూ చూడకుండా పోయి వాళ్ల బండి సీటు మీద పెట్టినా." ఆగాడు. "దానికీ ఉండాది."

లోపల బిడ్డ ఏడుపు మొదలైంది. దిల్షాద్‌బీ జోకొట్టే చప్పుడు. తెర వెనక రషీదా, దిగువిండ్ల పల్లె కోడలు, ఇంకా నలభై రోజులు కదలకూడని మనిషి. ఈ మాట ఇప్పుడు వీధిలోకి పోయిందంటే రెండిండ్లూ ఒకేసారి ఇంటి మీదికొస్తాయి. జీవితంలో మొదటిసారి రెండిండ్లవాళ్లూ ఒకే మాట మీద ఉంటారు.

కాటమయ్య గోడ వైపు చూశాడు. నల్లదారం పాదం మేకుకే ఉంది. తెల్లదారం మేకు ఖాళీ. తర్వాత ఫకీర్ సాహెబ్ చొక్కా జేబు చూశాడు. లేచి వచ్చి మిషన్ ముందు వంగాడు. సూది పక్కన నునుపుదేలిన రెండు వేళ్లను చాలాసేపు చూశాడు. బల్ల మీది స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు.

ఫకీర్ సాహెబ్ కళ్లు మూసుకున్నాడు. ఈసారి పిడి ఎత్తమని చెప్పలేదు. ఈసారి పోయేది తన పాదం కాదు.

"అది రామాంజనేయులుదప్పా," అన్నాడు కళ్లు తెరవకుండానే. "నన్నేమన్నా చెయ్యి. దాన్ని మాత్రం తీయద్దు."

స్క్రూడ్రైవర్ తిరిగిన కిర్రు ఒకసారి వినిపించింది. ఇంకోసారి వినిపించింది.

"స్క్రూ వదులైంది మామా," అన్నాడు కాటమయ్య. "పాదం ఊగతాండాది. చూసుకోవద్దా?"

ఫకీర్ సాహెబ్ కళ్లు తెరిచేసరికి కాటమయ్య బిగించిన స్క్రూను వేలితో కదిపి చూస్తున్నాడు. స్క్రూడ్రైవర్‌ను తీసిన చోటే పెట్టాడు. జోలెను తెచ్చి సీటు పక్కన ఉంచాడు.

"తెగిన కాడ కుట్టు. గీత బాగా పడాల. మా నాయన ఏలు పెట్టి చూస్తాడు."

అని వాకిట్లోకి పోయి, వీధి వైపు తిరిగి, ఎవరన్నా వస్తే ముందు తనను దాటి రావలసినట్టుగా గడపకు అడ్డంగా నిలబడ్డాడు. ఫకీర్ సాహెబ్ జేబులోని పాదాన్ని తీసి దాని మేకుకు తగిలించాడు. దిగువిండ్ల సీటును పక్కకు దించి, జోలెను సూది కిందికి జరిపి, పాదాన్ని మెల్లిగా దాని మీదికి దించాడు.